విడదీసినవాడే కూర్చాలి

పెళ్లివారి విడిదిలో దుప్పటి పరచి, నడుమ పేక పెట్టి, తెల్లవారే వరకు రమ్మీ ఆడే బంధువర్గం తెలుగునాట చాలా కుటుంబాలలో కనిపిస్తుంది. పేకముక్క చేతపట్టడమే తప్పని పిల్లలను కసరే పెద్దలు కూడ ఆ కుటుంబాలలోనే ఉంటారు. ఒకే ఆటకు ఇంత ఆదరణ, ఇంత అపకీర్తి కలగడానికి కారణం ముక్కల పక్కన చేరే డబ్బు. ఆ డబ్బును తీసివేస్తే ఆటలో మిగిలేదేమిటి అన్న ప్రశ్న ఒకప్పుడు సుప్రీంకోర్టు గడప కూడ తొక్కింది.

సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు అది. 1967లో వెలువడిన తీర్పు రమ్మీని మూడుముక్కలాటతో జమకట్టరాదని చెప్పింది. పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవడానికి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నిర్ణయించడానికి నేర్పు కావాలి గనుక అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని న్యాయస్థానం భావించింది. అయితే ఆటను అడ్డుపెట్టుకొని పందెపు సొమ్ముతో లాభం గడిస్తే అది నేరమే కాగలదని కూడ హెచ్చరించింది. ఆ తరువాత చట్టాలు మరింత కఠినమైనవి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేసింది. నేర్పు ఎంత ఉన్నా పందెం కాపురాలను కూల్చగలదన్న పెద్దల భయం నిరాధారమైనది కాదు.

రమ్మీలోని నేర్పును నిలుపుకొని, పేకను, దానితోపాటు పేకాటకున్న చెడ్డపేరును వదలివేసిన ఆట ఒకటి ఉన్నది. దాని పేరు రమ్మీక్యూబ్. ముక్కలకు బదులు ఇందులో అంకెలు వేసిన రంగుల బిళ్ళలుంటాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడు అరగంటలో నేర్చుకోగలడు. ఎనభై ఏళ్ల వృద్ధుడు ఆ పిల్లవాడితో సరిసమానంగా కూర్చుని ఆడగలడు.

పెరటిలో పుట్టిన ఆట

ఈ ఆటను రూపొందించిన ఎఫ్రాయిమ్ హెర్ట్‌సానో రుమేనియాలో పుట్టి, తరువాత ఇజ్రాయెల్‌లో స్థిరపడిన యూదుడు. స్వదేశంలో పేకాటపై ఆంక్షలున్న రోజులలో, ముక్కలు లేకుండానే రమ్మీ ఆడుకొనే ఉపాయంగా ఈ ఆలోచన అతనికి తట్టినదని ప్రసిద్ధి. మొదటి సెట్లను హెర్ట్‌సానో తన కుటుంబసభ్యులతో కలిసి ఇంటి పెరటిలో చేతితోనే తయారు చేశాడు. ఇల్లిల్లు తిరిగి అమ్మాడు. చిన్న చిన్న దుకాణాలలో ఉంచి, అమ్ముడైన తరువాతనే పైకం తీసుకొన్నాడు.

అలా బయలుదేరిన ఆట సముద్రాలు దాటింది. 1970ల చివరికి అమెరికాలో విరివిగా అమ్ముడుపోయింది. పశ్చిమ జర్మనీలో ఏటా ఉత్తమమైన ఆటకు ఇచ్చే ‘ష్పీల్ దెస్ యారెస్’ బహుమానం 1980లో దీనికి లభించింది. 1978లో వెలువడిన తన పుస్తకంలో హెర్ట్‌సానో ఈ ఆటకు మూడు పద్ధతులు వివరించాడు. వాటిలో ‘సబ్రా’ అనే పద్ధతి నేడు అంతటా ప్రచారంలో ఉన్నది. ఇక్కడ చెప్పబోయేది కూడ అదే.

కావలసిన సామగ్రి

మొత్తం బిళ్ళలు 106. నలుపు, ఎరుపు, నీలం, నారింజ అనే నాలుగు రంగులలో 1 నుండి 13 వరకు అంకెలుంటాయి. ప్రతి బిళ్ళకు ఒక జంట ఉంటుంది. అవి 104, వాటికి రెండు జోకర్లు కలుస్తాయి. పేకాట తెలిసినవారికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే నాలుగు జాతులే ఇక్కడ నాలుగు రంగులైనవి. రెండు పేకలను కలిపితే వచ్చే ముక్కలే ఇక్కడి బిళ్ళలు.

అందువలన సెట్టు దొరకనివారు నిరాశపడనక్కరలేదు. రెండు పేకలను, రెండు జోకర్లను కలిపి, ఆసును 1గాను, జాకీని 11గాను, రాణిని 12గాను, రాజును 13గాను లెక్కించి, పెద్ద చాప మీద ఇదే ఆట ఆడుకోవచ్చు. బిళ్ళలతో ఆడితే సౌకర్యం ఎక్కువ, ఎందుకంటే వాటిని పదే పదే జరపవలసి వస్తుంది. ఒక్కొక్కరి ముందు బిళ్ళలు నిలబెట్టుకొనే చిన్న స్టాండు ఉంటుంది. ఎవరి బిళ్ళల ముఖాలు వారికే కనిపిస్తాయి.

ఇద్దరు మొదలు నలుగురి వరకు ఆడవచ్చు. బిళ్ళలన్నిటిని బోర్లించి బాగా కలపాలి. ఒక్కొక్కరు ఒక్కొక్క బిళ్ళ తీయగా, పెద్ద అంకె వచ్చినవారిది మొదటి వంతు. ఆ బిళ్ళలను తిరిగి కలిపి, ఒక్కొక్కరు 14 చొప్పున తీసుకోవాలి. మిగిలినవి బోర్లించిన కుప్పగా బల్ల మీద ఉంటాయి. వంతు ఎడమ చేతి వైపుగా తిరుగుతుంది.

వరుస, జట్టు

బిళ్ళలను రెండు విధాలుగా కూర్చవచ్చు. మొదటిది వరుస: ఒకే రంగులో మూడు గాని అంతకు మించి గాని వరుస అంకెలు. ఎరుపు 4, 5, 6 ఒక వరుస. రెండవది జట్టు: వేరు వేరు రంగులలో ఒకే అంక���గల మూడు లేక నాలుగు బిళ్ళలు. నలుపు 9, నీలం 9, నారింజ 9 ఒక జట్టు. ఒకే జట్టులో ఒక రంగు రెండుసార్లు రాకూడదు. 1 ఎప్పుడూ మొదటనే ఉంటుంది. 13 తరువాత 1 పెట్టి వరుస సాగించడం చెల్లదు.

ప్రతి ఆటగాడు బల్ల మీద మొదటిసారి దించే కూర్పుల మొత్తం 30కి తగ్గకూడదు. అవి పూర్తిగా తన స్టాండు నుండే రావాలి. మూడు పదులు దించినా 30. ఒకే రంగులో 6, 7, 8, 9 దించినా 30. ఎరుపు 1, 2, 3 వరుసకు మూడు ఎనిమిదుల జట్టు తోడైతే 6కు 24 కలిసి సరిగా 30 అవుతుంది. అంత కూడనివారు కుప్ప నుండి ఒక బిళ్ళ తీసుకొని వంతు వదలుకోవాలి. తొలి కూర్పు దించిన తరువాత కూడ, ఏ వంతులోనైనా ఒక్క బిళ్ళనైనా దించలేకపోతే ఇదే నియమం వర్తిస్తుంది.

జోకరు ఏ బిళ్ళ స్థానంలోనైనా నిలబడుతుంది. బల్ల మీది జోకరు ఏ బిళ్ళకు బదులుగా ఉన్నదో, ఆ బిళ్ళ చేతిలో ఉన్నవాడు దానిని అక్కడ ఉంచి జోకరును విడిపించుకోవచ్చు. విడిపించిన జోకరును ఆ వంతులోనే కొత్త కూర్పులో వాడాలి. స్టాండు మీదికి తెచ్చుకొని దాచుకోవడం కుదరదు.

బల్ల అందరిది

ఇంతవరకు చెప్పినదంతా రమ్మీకి దగ్గరగానే ఉన్నది. అసలైన భేదం ఇక్కడినుండి మొదలవుతుంది. రమ్మీలో ప్రతివాడు తన పదమూడు ముక్కలను గుండెకు హత్తుకొని, ఇతరుల కంటపడకుండ కూర్చుకొంటాడు. కింద పడిన ముక్క మీద ఇంకొకటి పడితే పాతది ఇక అందదు. రమ్మీక్యూబ్‌లో బల్ల మీదికి వచ్చిన ప్రతి బిళ్ళ అందరి సొత్తు. తొలి కూర్పు దించినవాడు, తరువాతి వంతు నుండి, ఎవరు దించిన వరుసనైనా విడదీయవచ్చు. ఎవరి జట్టునైనా మార్చవచ్చు. అయితే రెండు షరతులున్నాయి. తన చేతి నుండి కనీసం ఒక బిళ్ళ బల్ల మీదికి చేరాలి. వంతు ముగిసేసరికి బల్ల మీద ప్రతి బిళ్ళ సక్రమమైన వరుసలోనో జట్టులోనో ఉండాలి. ఒక్క బిళ్ళ కూడ ఒంటరిగా మిగలకూడదు.

ఒక వంతుకు సాధారణంగా ఒక నిమిషం గడువు. ఆలోగా బల్లను సరిచేయలేనివాడు అన్నిటినీ పూర్వస్థితికి తెచ్చి, తన బిళ్ళలను తిరిగి తీసుకొని, దండుగగా కుప్ప నుండి మూడు బిళ్ళలు తెచ్చుకోవాలి. విడదీసినవాడే కూర్చాలన్నది ఈ ఆటకు మూలసూత్రం.

విడదీయడంలో సులభమైన మార్గాలు కొన్ని ఉన్నాయి. బల్ల మీద నాలుగు రంగుల తొమ్మిదుల జట్టు ఉన్నది. చేతిలో నీలం 10, 11 ఉన్నాయి. జట్టులోని నీలం 9ని తీసి వాటికి ముందు పెడితే కొత్త వరుస ఏర్పడుతుంది. మిగిలిన మూడు తొమ్మిదులు జట్టుగానే నిలుస్తాయి. మరొక ఉదాహరణ: బల్ల మీద నలుపు 4, 5, 6, 7, 8 వరుస ఉన్నది, చేతిలో ఇంకొక నలుపు 6 ఉన్నది. వరుసను మధ్యకు విరిచి 4, 5, 6 ఒకటిగాను, 6, 7, 8 ఇంకొకటిగాను చేస్తే ఆ బిళ్ళకు చోటు దొరుకుతుంది. నాలుగున్నచోట ఒకటి తీయవచ్చు. మూడే ఉన్నచోట తీస్తే మిగిలిన రెండింటికి దారి చూపాలి. కొత్తవారు ఈ ఒక్క మాట జ్ఞాపకం పెట్టుకొంటే చాలు.

ఒక సాయంకాలపు ఆట

ఒక ఇంట తాతగారు, కోడలు, మనుమడు, మనుమరాలు ఆడుతున్నారనుకోవచ్చు. ఆట చివరికి వచ్చింది. తాతగారి వద్ద నలుపు 12, ఒక జోకరు ఉన్నాయి. జోకరును ఏ వరుస చివరనైనా చేర్చివేయవచ్చు. కాని 12కు కూడ దానితోనే దారి దొరుకుతుందని ఆయన రెండు వంతులుగా కుప్ప నుండి బిళ్ళలు తీసుకొంటూ, వచ్చినవాటిని దించుతూ, జోకరును మాత్రం కదలనీయలేదు. కోడలి వద్ద ఒక 9 ఉన్నది. మనుమడి వద్ద నీలం 10, నలుపు 10 మాత్రమే మిగిలినవి. మనుమరాలి వద్ద మిగిలినది ఒకే ఒక నారింజ 6.

బల్ల మీద మిగిలిన కూర్పులతోపాటు ఎరుపు 9, 10, 11 వరుస ఉన్నది. మనుమడు వంతు రాగానే దానిలోని ఎరుపు 10ని లాగి, తన రెండు పదులతో కలిపి జట్టు కట్టాడు. చేయి ఖాళీ అయినది. గెలిచానని లేవబోయాడు. ఎరుపు 9, ఎరుపు 11 మాత్రం బల్ల మీద దిక్కులేక నిలిచినవి. వాటికి చోటు వెతుకుతుండగా నిమిషం గడిచిపోయింది. పదులు తిరిగి స్టాండు మీదికి ఎక్కినవి. వాటికి తోడు దండుగ బిళ్ళలు 2, 4, 7 వచ్చినవి. రెండు బిళ్ళలవాడు ఐదు బిళ్ళలవాడైనాడు.

తరువాతి వంతు మనుమరాలిది. ఆమె నారింజ 6ను చేర్చడానికి పైకి ఏ చోటూ కనిపించదు. బల్ల మీద ఒకచోట ఎరుపు 5, 6, 7. ఒకచోట నీలం 5, 6, 7. ఇంకొకచోట నలుపు 5, 6, 7 ఉన్నాయి. ఏ వరుసలోనూ మూడుకు మించి లేవు. ఏదీ నారింజ రంగుది కాదు. ఆ పిల్ల మూడు వరుసలను ఒకదాని కింద ఒకటి చేర్చింది. చేర్చగానే అడ్డంగా చూసినప్పుడు వరుసలైనవి నిలువుగా చూసినప్పుడు జట్టులైనవి. మూడు ఐదులు, మూడు ఆరులు, మూడు ఏడులు! ఆరుల జట్టు పక్కన నారింజ 6 పెట్టి చేయి ఖాళీ చేసింది. తొమ్మిది బిళ్ళలు చెదరినవి. తొమ్మిదింటికీ మళ్లీ చోటు దొరికింది.

లెక్క ఇలా వేస్తారు. ఓడినవారి చేతిలో మిగిలిన అంకెల మొత్తం వారికి నష్టం, జోకరుకు 30. తాతగారికి 42, కోడలికి 9, మనుమడికి 33 నష్టం. ఆ మూడింటి మొత్తమైన 84 గెలిచినవారి ఖాతాలో చేరుతుంది. జమా ఖర్చులు ఎప్పుడూ సరిపోతాయి. కుప్ప అయిపోయి ఎవరికీ దించడానికి వీలులేకపోతే, చేతిలో తక్కువ మొత్తం ఉన్నవారు గెలిచినట్లు; తక్కినవారికి ఆయన కంటె ఎంత ఎక్కువ ఉన్నదో అంత నష్టం.

నేర్పుకు కొన్ని మెట్లు

ఈ సాయంకాలపు ఆటలోనే ముఖ్యమైన పాఠాలు ఇమిడి ఉన్నాయి. జోకరును చివరి వరకు దాచుకోవడం లోభం. అది చేతిలో ఉండగా ఆట ముగిస్తే 30 నష్టం తప్పదు. ఎవరి చేతిలోనైనా బిళ్ళలు మూడుకు తగ్గినప్పుడు జోకరును వదిలించుకోవడం మేలు.

మధ్య అంకెలకు బలం ఎక్కువ. 7 మూడు విధాలైన మూడు బిళ్ళల వరుసలలో ఇముడుతుంది: 5, 6, 7, 6, 7, 8, 7, 8, 9. 1 అయితే 1, 2, 3లో తప్ప ఇమడదు. 13ది కూడ అదే స్థితి. కనుక చివరి అంకెలను వీలు దొరికినప్పుడే దించివేసి, మధ్య అంకెలను కొంతకాలం ఉంచుకోవచ్చు.

నాలుగు పదకొండులు చేతికి వస్తే మూడింటిని దించి నాలుగవదానిని దాచుకొనే అలవాటు అనుభవజ్ఞులకు ఉంటుంది. ఏమీ తోచని వంతులో దానిని జట్టుకు చేర్చి, కుప్ప నుండి బిళ్ళ తీసే బెడద తప్పించుకొంటారు. ఇందులో ప్రమాదం కూడ లేకపోలేదు. ఈలోగా ఆ రంగులోని రెండవ పదకొండును ఇంకొకరు అక్కడ చేర్చవచ్చు. అప్పుడు దాచుకొన్నవాని సొత్తు చేతిలోనే మురిగిపోతుంది.

ప్రతి బిళ్ళకు జంట ఒకటే. నీలం 7లు రెండూ బల్ల మీద కనిపిస్తే కుప్పలో దానికోసం ఎదురుచూడడం వృథా. రమ్మీలో అయితే అంతటితో ఆశ వదలుకోవలసిందే. ఇక్కడ మాత్రం బల్ల మీది నీలం 7ను ఎలా విడిపించవచ్చునా అని ఆలోచించడం మొదలవుతుంది. ఎదుటివారు ఆడుతున్నప్పుడు ఊరక కూర్చోకుండ ఆ ఆలోచన సాగించాలి. తన వంతు వచ్చేసరికి బల్ల రూపు మారిపోవచ్చు. అప్పుడు వేసుకొన్న ఉపాయాన్ని వదలి కొత్తది వెతకగలవాడే నిలుస్తాడు.

అన్నిటికంటె ముఖ్యమైనది, చేయి కదిపే ముందు చివరి బిళ్ళ వరకు దారి చూసుకోవడం. మనుమడికి తన రెండు పదులకు దారి కనిపించింది. ఎరుపు 9కి, ఎరుపు 11కు కనిపించలేదు. మనుమరాలికి తన ఒక్క బిళ్ళ సంగతితోపాటు ఇతరుల తొమ్మిది బిళ్ళల సంగతి కూడ పట్టింది. ఇద్దరికీ గెలుపు మీద ఆశ సమానమే.

పందెం లేకుండ ఆటకు పస ఉండదని వాదించేవారు ఇటువంటి బల్ల దగ్గర ఒక్క గంట కూర్చుని చూడాలి. నిమిషం ముగియవస్తుండగా రెండు బిళ్ళలు చోటులేక మిగిలినప్పుడు కలిగే ఆదుర్దా ఏ పందెపు సొమ్ముకూ తీసిపోదు. ఆట ముగిసిన తరువాత ఎవరి జేబూ చిల్లుపడదు. పిల్లలు బిళ్ళలను మళ్లీ బోర్లించి కలుపుతారు. అప్పటికి తాతగారు తన జోకరు సంగతి మరచిపోయి, ఆ మూడు వరుసలు మూడు జట్టులైన వైనాన్ని మనుమరాలి చేత ఇంకొకసారి చెప్పించుకొంటూ ఉంటారు.